మెయిన్ లైను దాకా మీదే

అక్క వాళ్ళ ఇల్లు,
ఫిబ్రవరి చివర.

ఏమండీ,

క్షేమంగా చేరాం. బస్సులో పాప వాంతులు చేసుకుంది గానీ జ్వరం తగ్గింది. ఇక్కడి డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "ఇంట్లో నీళ్ళు ఎలాంటివమ్మా?" అని అడిగింది. తాగే నీళ్ళు బాగానే ఉంటాయి, నేలలోంచి పైకొచ్చే నీళ్ళతోనే చిక్కు అని చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

అక్క వెనకగది ఇచ్చింది. మొదటిరోజు పాప స్నానాల గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఇక్కడ కూడా కిందనుంచి వస్తుందా అమ్మా?" అంది. నేనే ముందు వెళ్ళి నీళ్ళు పోయే జాలీ మీద కాలు పెట్టి నిలబడితే, అప్పుడు లోపలికొచ్చింది.

ఫోనెత్తితే మీరు అరుస్తారు, నేను ఏడుస్తాను, పక్కనుంచి నాన్న ఎవరిది తప్పో తీర్పు చెబుతాడు. అందుకే ఉత్తరం. మీ డిపో డ్రైవర్లు రోజూ ఈ ఊరు వస్తూనే ఉన్నారు కదా, వాళ్ళ చేతికే ఇద్దాం.

పార్లర్‌కి ఎవరైనా వస్తే ఊరెళ్ళిందని చెప్పండి. మురుగు సంగతి ఎత్తకండి. జుట్టు కత్తిరించే చోట కంపు అన్న పేరు ఒక్కసారి వచ్చిందంటే ఇక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు.

నాన్నతో గొడవ పెట్టుకోకండి. జీవితమంతా సినిమాహాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపిన మనిషి, రూలు అంటే ఆయనకి దేవుడు. మీ ఇద్దరికీ పొసగదని నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది మీరిద్దరే. పైపు బాగైన మర్నాడు పాపని తీసుకుని వచ్చేస్తాను.

మీ
పాప అమ్మ


మన ఇల్లు,
మార్చి.

కత్తెరమ్మకి,

పాప తేరుకుందని చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఈ ఇంట్లో ఊపిరి పీల్చుకోవడం అంత సులువు కాదనుకో.

ప్లంబరు వచ్చాడు. వాకిట్లో మనిషి లోతు గొయ్యి తీయించి పైపు చూశాం. గేటు దాకా మన పైపు నిక్షేపంగా ఉంది. తర్వాత తీగకి కట్టిన కెమెరా ఒకటి లోపలికి పంపాడు. గేటు దాటి, ఫుట్‌పాత్ దాటి, రోడ్డు కింద కాస్త దూరంలో పైపు నలిగిపోయి ఉంది. రేకుడబ్బాని కాలితో తొక్కినట్టు. పోయిన ఏడాది రోడ్డు కొత్తగా వేసినప్పుడు రోలరు తిరిగిందే, సరిగ్గా అక్కడ.

హమ్మయ్య, రోడ్డు వాళ్ళది, పైపూ వాళ్ళదే అనుకుని డ్రైనేజీ ఆఫీసుకి వెళ్ళాను. మామయ్య కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. అక్కడ ఒక ఇంజనీరమ్మ ఉంది. చెడ్డ మనిషేం కాదు, కూర్చోమంది. తెల్లకాగితం మీద ఒక ఇల్లు గీసింది, రోడ్డు గీసింది, రోడ్డు మధ్యన మెయిన్ లైను గీసింది. ఇంటినుంచి మెయిన్ లైను దాకా ఒక గీత లాగి, "ఇదంతా మీదే. మెయిన్ లైను ఒక్కటే మాది" అంది.

"రోడ్డు కింద ఉన్నది కూడానా?" అన్నాను.

"పైపు ఎక్కడుందన్నది కాదండీ, ఎవరింటి నీళ్ళు మోస్తోంది అన్నదే లెక్క."

నేను నోరు తెరిచేలోపు మామయ్య, "రూలు అదైతే అదే. మనమే బాగుచేయించుకోవాలి" అని లేచి నిలబడ్డారు. దారిపొడుగునా నేను ఆయనతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు. రోడ్డు తవ్వడానికి పర్మిషన్ కోసం రేపు దరఖాస్తు పెడతాను. అది రాగానే పని అయిపోతుంది.

నీ
మెకానిక్


అక్క వాళ్ళ ఇల్లు,
మార్చి చివర.

ఏమండీ,

వాళ్ళ రోలరు తొక్కితే మన పైపు నలిగింది, దాన్ని మనం బాగుచేయించుకోవాలి. బాగుంది న్యాయం. నాన్న అక్కడే తలూపి వచ్చేశాడంటే నాకేం ఆశ్చర్యం లేదు. మన పెళ్ళిచూపుల్లో కూడా మీ వాళ్ళు చెప్పినదానికల్లా అలాగే తలూపాడు.

రోలరు వల్లే నలిగిందని గట్టిగా రాసివ్వండి. ఎదురింటి టీచరమ్మని సాక్షిగా అడగండి, ఆ రోజుల్లో ఇళ్ళన్నీ అదిరాయని ఆవిడే గోలపెట్టింది కదా.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. అక్క స్నేహితురాలి పార్లర్‌లో పొద్దుటిపూట చేతిసాయానికి వెళ్తున్నాను. వెళ్ళే ముందు, వచ్చాక రెండుసార్లు స్నానం చేస్తున్నాను. ఒంటికి ఆ వాసన ఇంకా అంటుకునే ఉందనిపిస్తుంది. అక్క బకెట్ల వంకే చూస్తోంది.

పర్మిషన్ ఎప్పుడొస్తుందో రాయండి. ఊరికే ధైర్యం చెప్పకండి.

పాప అమ్మ


మన ఇల్లు,
ఏప్రిల్.

కత్తెరమ్మా,

ధైర్యం చెప్పొద్దన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పర్మిషన్ ఇవ్వరట.

కొత్తగా వేసిన రోడ్డుని కొన్నేళ్ళు ఎవరూ తవ్వకూడదట, అదో రూలు. "మరి పైపు బాగుచేయించుకోమన్నది మీరే కదా?" అన్నాను. "అవును, అది మీ బాధ్యత" అంది ఇంజనీరమ్మ. "రోడ్డు తవ్వకుండా ఎలాగండీ?" "రోడ్డు వేరే విభాగం, వాళ్ళనడగండి." వాళ్ళనడిగితే, పైపు డ్రైనేజీ విభాగం కదా, అక్కడికే వెళ్ళమన్నారు. ఆ రెండు ఆఫీసులూ ఒకే వరండాలో ఉన్నాయి. మధ్యలో ఒక బెంచీ. నేను దాని మీద కూర్చున్నాను.

రోలరు సంగతి రాసిచ్చాను. పాత పైపులు వాటంతటవే నలుగుతాయని జవాబొచ్చింది. టీచరమ్మ సాక్ష్యం చెప్పనంది. పైగా మన వాకిట్లోంచి కంపు వస్తోందని తనే ఫిర్యాదు పెట్టింది. ఆవిడ ఇంట్లో ముసలి తల్లి ఉంది, తప్పుపట్టలేను. ఆ ఫిర్యాదు మీద మనకి నోటీసు వచ్చింది, లైను బాగుచేయించకపోతే మంచినీళ్ళ కుళాయి కట్టేస్తామని. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు చూడు, మనకి గొయ్యి మాత్రం గుమ్మంలోనే ఉంది.

స్నానం, మిగతావన్నీ నాకు డిపోలో జరిగిపోతున్నాయి. మామయ్య సంగతే చూడలేకపోతున్నాను. ఆయన సినిమాహాలుకి నడిచి వెళ్తున్నారు. ఇప్పుడున్న గేటు మనిషి పాత మర్యాదకొద్దీ లోపలికి వదులుతున్నాడు. మొన్న ఆట మధ్యలో జనం ఉంటే వదల్లేదట. దారిలోనే ప్యాంటు తడిసిపోతే ఇంటికొచ్చి ఉతుక్కుంటున్నారు, నేను చూశానని ఆయనకి తెలియదు. ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. నేనూ అడగలేదు.

మెకానిక్


అక్క వాళ్ళ ఇల్లు,
మే.

ఏమండీ,

నాన్న గురించి చదివి అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఇక్కడికి పంపించెయ్యండి. అక్క కూడా అదే అంటోంది.

ఇంకో సంగతి. టీచరమ్మ అక్కకి ఫోన్ చేసింది. మీరిద్దరూ రోజూ సంచులతో మట్టి మోసుకెళ్ళి ఊరవతల పోసి వస్తున్నారట. అంత మట్టి ఎక్కడిది? వాకిట్లో గొయ్యి ప్లంబరు తీసి వెళ్ళాడన్నారు కదా. ఏం తవ్వుతున్నారు?

పాప బాగుంది. కొత్త స్నేహితులు దొరికారు.

పాప అమ్మ


మన ఇల్లు,
మే.

కత్తెరమ్మకి,

మామయ్య రానన్నారు. "నా ఇంట్లో నేను ఒక చెంబుడు నీళ్ళు పోసుకున్నాకే ఎక్కడికైనా" అన్నారు.

మట్టి సంగతేం లేదు. గొయ్యి గట్లు కూలుతుంటే సర్దుతున్నాం. టీచరమ్మకి కిటికీ తప్ప వేరే వ్యాపకం లేదు.

నీకో విశేషం చెప్పాలి. మామయ్యా నేనూ మాట్లాడుకుంటున్నాం. ఇన్నేళ్ళూ ఆ మనిషి "ఊఁ" అంటే నేను "ఊఁ" అన్నాను, అంతే. ఇప్పుడు పని చేస్తూ చేస్తూ కబుర్లు చెబుతున్నారు. మీ అమ్మ ఆయన్ని మొదటిసారి చూసింది కూడా గేటు దగ్గరేనట, అరటిక్కెట్టు వయసు కాదని ఆపేశారట. నిన్న నా వీపు మీద చెయ్యేసి "అల్లుడూ, నువ్వు గట్టివాడివే" అన్నారు. ఇల్లరికం వచ్చిన ఇన్నాళ్ళకి నాకొచ్చిన మొదటి సర్టిఫికెట్టు. నవ్వకు.

నువ్వు దిగులు పెట్టుకోకు. ఇంకొన్నాళ్ళు. పని సాగుతోంది.

మెకానిక్


అక్క వాళ్ళ ఇల్లు,
జూన్ మొదట్లో.

ఏమండీ,

ఏ పని సాగుతోంది?

మీరు అబద్ధం రాస్తే నాకు తెలుస్తుంది. అక్షరాలు పెద్దవవుతాయి, జోకులు ఎక్కువవుతాయి. గోడ కిందనుంచి రోడ్డు కిందకి సొరంగం తవ్వుతున్నారు. అవునా కాదా? పైన లారీలు తిరిగే రోడ్డు అది. నాన్న వయసెంత? మీ బుద్ధి ఏమైంది?

మీరు దాచారు కాబట్టి నేనూ దాచినది చెప్పేస్తున్నాను. పాపని ఇక్కడి బళ్ళో చేర్చాను. పార్లర్‌లో చేతిసాయం కాదు, నా పేరున ఒక కుర్చీ ఇచ్చారు. ఆ ఇంటికి తిరిగి రావాలని నాకు లేదు. మొదటి ఉత్తరంలో వస్తానని రాసినప్పుడు నిజంగానే అనుకున్నాను. ఎప్పుడు మారిందో చెప్పలేను. ఒకరోజు పాప చెప్పులేసుకోకుండా స్నానాల గదిలోకి పరిగెత్తింది. అప్పుడనుకుంటా.

తవ్వడం ఆపండి. ఇల్లు పోతే పోయింది. ఇద్దరూ బయల్దేరి వచ్చెయ్యండి. ఇది చదివిన వెంటనే ఆపండి.

పాప అమ్మ


ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు బయట,
జూన్.

కత్తెరమ్మా,

నిన్న ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను, అక్షరాలు చూసి భయపడకు.

నీ ఉత్తరం నిన్న పొద్దున్నే అందింది. మామయ్యకి చదివి వినిపించాను. "సరే, అది చెప్పింది కాబట్టి ఆపేద్దాం" అన్నారు. అప్పటికి ఫుట్‌పాత్ దాటి రోడ్డు కిందకి వెళ్ళాం. నలిగిన చోటు గునపం అందేంత దూరంలో ఉంది. లోపల చెక్కలు ఆనించి ఉన్నాయి, వాటినీ పనిముట్లనీ తెచ్చేసి గొయ్యి మూసేద్దామనుకున్నాం. నేను వెళ్తానన్నాను. "నువ్వు లావు, ఇరుక్కుంటావు" అని ఆయనే వెళ్ళారు.

నేను గోతిలో నిలబడి ఆయన అందించినవి పైకి పెడుతున్నాను. రెండు చెక్కలు ఇచ్చారు. పైన ఏదో బండి వెళ్ళింది. పెద్ద చప్పుడేం రాలేదు. సంచిలోంచి బియ్యం జారినట్టు, అంతే. చూస్తే సొరంగం లేదు. మట్టి ఉంది.

చేతులతో తవ్వాను. ఎంత తీస్తే అంత జారుతోంది. అరిచాను. టీచరమ్మే ఫోన్ చేసి ఫైరింజను పిలిచింది. వాళ్ళు వచ్చి మట్టి మీద చెవి పెట్టి విన్నారు, ఆయన గొంతు లీలగా వినబడింది. చెక్క అడ్డుపడి మొహం దగ్గర ఖాళీ మిగిలింది. అప్పుడు వాళ్ళు రోడ్డు కోశారు. ఎవర్నీ అడగలేదు, ఏ కాగితమూ చూడలేదు. నేను ఆ బెంచీ మీద నెలల తరబడి అడిగినదాన్ని మిషను పెట్టి టీ తాగేంతసేపట్లో కోసేశారు.

ఆయన్ని బయటికి తీశారు. స్పృహలోనే ఉన్నారు. కాలికి దెబ్బ తగిలింది. మన ఊళ్ళో వైద్యం కుదరదని ఇక్కడి పెద్దాసుపత్రికి పంపారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఇది ఒట్టేసి రాస్తున్నాను.

నువ్వు ఇక్కడికి బయల్దేరతానన్నావు. వద్దు. ఇది నా మాట కాదు, మామయ్య మాట. పాపని అక్క దగ్గర ఉంచి ఇంటికెళ్ళమన్నారు. మట్టి జారడంలో ప్రహరీగోడ కూడా పడిపోయింది, ఇల్లు వీధికి తెరిచి ఉంది. అదొక్కటే కాదు. రోడ్డు తెరిచి ఉంది, పైపు కళ్ళకి కనబడుతోంది. "వాళ్ళొచ్చి పూడ్చేస్తారు. అమ్మాయిని పంపించు, పూడ్చనివ్వొద్దను" అన్నారు. నోట్లో మట్టి ఇంకా పూర్తిగా కడగలేదు, అప్పుడే ఆ మాటన్నారు.

నన్ను తిట్టు. తర్వాత ఎంతసేపైనా తిట్టు. ముందు వెళ్ళు.

మెకానిక్


మన ఇల్లు,
జూన్.

ఏమండీ,

మీ మీద కోపం ఎంతుందో రాయడానికి ఈ కాగితం చాలదు. అది పక్కన పెట్టి జరిగింది చెబుతాను.

నేను దిగేసరికే రోడ్డు వాళ్ళ లారీ వచ్చి ఉంది. కంకర, మట్టి, నలుగురు మనుషులు. చుట్టూ తాడు కట్టారు. మేస్త్రీ చాలా మర్యాదగా, "అమ్మా, తెరిచిన గొయ్యి ప్రమాదం. పూడ్చడం మా బాధ్యత" అన్నాడు.

"పైపు విరిగి ఉంది కదయ్యా, చూడు. అది కలిపాక పూడ్చండి."

"పైపు మీ బాధ్యతమ్మా. మాకు పూడ్చమనే చెప్పారు."

ప్లంబరుకి ఫోన్ చేశాను. పర్మిషన్ లేని చోట చెయ్యి పెడితే తన లైసెన్సు పోతుందన్నాడు. ఈలోగా లారీ వెనక్కి వస్తోంది. నాకేం తోచలేదు. నాన్న మీద పడిన మట్టి ఆ గోతి పక్కనే కుప్పగా ఉంది, ఆయన చెప్పు ఒకటి అందులో కనబడింది. తాడు కిందనుంచి దూరి నిచ్చెన దిగి పైపు పక్కన కూర్చున్నాను. బురద. మన ఇంటి బురదే కదా అనుకున్నాను.

"అమ్మా, పైకి రండి."

"నా మీద పోయండి. పైపు నాదన్నారు కదా, నా పైపు దగ్గర నేను కూర్చున్నాను."

లారీ ఆగింది. జనం చేరారు. కొందరు నవ్వారు. ఒకాయన ఫొటో తీశాడు. కూర్చోవడం కూర్చున్నాను గానీ, ఎవరో ఒకరు చెయ్యిపట్టి లాగితే లేచిపోయేదాన్నే, ఆ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పను.

అప్పుడు టీచరమ్మ వచ్చింది. తిట్టడానికనుకున్నాను. గట్టు మీద వంగి చూస్తూ, "ఆ పక్కనున్న పైపు ఎవరిది?" అంది. నేను చూశాను. మన పైపుకి జానెడు అవతల ఇంకోటి, ఎదురిళ్ళ వైపు నుంచి వస్తోంది. పొడుగునా నెర్రె విచ్చి ఉంది. "మీదేనండీ" అన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మేస్త్రీ వద్దంటున్నా వినకుండా నిచ్చెన దిగింది. నా పక్కన కూర్చుని, "మా అమ్మ మంచం మీంచి లేవలేని మనిషమ్మా, మాకూ ఇలా అయితే ఎలా?" అంది. ఫిర్యాదు గురించి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఇంజనీరమ్మ వచ్చింది. మేస్త్రీ అంతా చెప్పాడు. ఆవిడ గోతిలోకి చూసి, మా ఇద్దర్నీ చూసి, తన కాగితాల్లోకి చూసుకుంది. "పైపు కలపడానికి నేను పర్మిషన్ ఇవ్వలేను. ఇస్తే నా ఉద్యోగం పోతుంది" అంది. నేను దండం పెట్టాను. గోతిలోంచి పైకి చూస్తూ దండం పెట్టాను, అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు. ఆవిడ మేస్త్రీ వైపు తిరిగి, "నేను భోజనానికి వెళ్తున్నాను. సాయంత్రం వచ్చేసరికి గొయ్యి పూడ్చి ఉండాలి. అప్పటిదాకా ఇందులో ఏం జరుగుతుందో నేను చూడలేదు" అని వెళ్ళిపోయింది. ఆ మాట ప్లంబరుకి ఫోన్లో చెప్పాను.

ప్లంబరు వచ్చాడు. కొత్త పైపు మేస్త్రీ మనుషులే దించారు. మనదీ టీచరమ్మదీ రెండూ కలిపారు. సాయంత్రానికి పూడ్చేశారు.

ఇంట్లోకి వెళ్ళి స్నానాల గదిలో ఒక బకెట్టు పోశాను. వెళ్ళిపోయింది. ఇంకోటి పోశాను. అదీ వెళ్ళిపోయింది. నేల మీద కూర్చుని ఎన్ని పోశానో.

ఇది రూలు మార్చలేదు, నాకు తెలుసు. ఈ వీధిలో మిగతా పైపుల గతి ఏమిటో ఎవరికీ తెలియదు. పొద్దున్న ఆఫీసు నుంచి ఇంకో నోటీసు వచ్చింది, రోడ్డు కింద తవ్వినందుకు సంజాయిషీ ఇవ్వాలట. టీచరమ్మ తనే రాసిస్తానంది.

నాన్నకి చెప్పండి. కాలు ఎలా ఉందో సరిగ్గా రాయండి, ఫోన్లో అడిగితే మాట మారుస్తున్నారు. కట్టు ఎప్పుడు విప్పుతారు?

పాప అమ్మ


ఆసుపత్రి,
జూన్.

కత్తెరమ్మా,

నీ ఉత్తరం మామయ్యకి చదివాను. రెండు బకెట్లు వెళ్ళిపోయాయన్న చోట ఆపమన్నారు. కళ్ళు మూసుకున్నారు. పడుకున్నారేమో అనుకున్నాను. "ఇంక చెప్పొచ్చు దానికి" అన్నారు.

విను. కూర్చుని చదువు. టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ఆ రోజు కాలికి దెబ్బ అని రాశాను. కాలు నిలవలేదు. నీకు ఆ ఉత్తరం రాసేసరికే మోకాలి కింద తీసేశారు. నేను సంతకం పెట్టాను. మెలకువ వచ్చాక ఎలా చెప్పాలా అని వార్డు బయట తిరుగుతూ ఉన్నాను. లోపలికి వెళ్తే ఆయనే అన్నారు, "దుప్పటి ఎక్కడ పల్లంగా ఉందో నాకు కనబడదా అల్లుడూ?" అని. ఆయన ఏడవలేదు. నేనే మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. అప్పుడు నీ గురించి చెప్పారు. "దానికి ఈ మాట తెలిస్తే ఇక్కడికి పరిగెత్తుకొస్తుంది, వాళ్ళు గొయ్యి పూడ్చేస్తారు. నా కాలు పోయి, పైపూ బాగవకపోతే ఎలా? పని అయ్యేదాకా చెప్పకు." నాచేత ఒట్టు వేయించుకున్నారు. ప్రాణానికి భయం లేదన్నది నిజం, అదొక్కటే నిజం రాశాను.

నువ్వు ఆ గోతిలో కూర్చున్నంతసేపూ ఈయన గోడ గడియారం చూస్తూనే ఉన్నారు. నొప్పికి మందు ఇస్తామంటే, నిద్రపోతాను, ఫోన్ వస్తే వినాలి, వద్దన్నారు.

పాప బడి, నీ కుర్చీ గురించి నేను ఏమీ అడగను. మీరు ఎక్కడుంటే అక్కడికి మేమిద్దరం వస్తాం. లేదూ ఆ ఇంట్లోనే ఉందామంటే ఉందాం. అవన్నీ నువ్వు చెప్పు. ఇల్లు గురించి నేను ఇక నిర్ణయాలు తీసుకోను.

ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు సాయంత్రం మళ్ళీ ఇటే వస్తాడు, ముందు సీటు ఉంచమని చెప్పాను. అందులో రా. మామయ్య ముందు ఏడవొద్దు, ఆయన తట్టుకోలేరు. మెట్ల కింద బెంచీ ఉంది, నేను అక్కడే ఉంటాను. నువ్వొచ్చాక ఇద్దరం అక్కడ ఏడుద్దాం. ఒక్కడినే ఏడుస్తుంటే నర్సమ్మ కసురుతోంది.

నీ
మెకానిక్